చెవి దారి మూసుకుపోతే: సిరప్పా, చుక్కలా, వత్తా?

పిల్లల చెవిపోటు అనగానే మనకు గుర్తొచ్చేది జలుబుతో పాటు వచ్చేది, కర్ణభేరి వెనక చీము పట్టేది. ఇక్కడ చెప్పుకునేది దానికి ఇవతలి జబ్బు. చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉండే సన్నటి దారిలో చర్మం ఇన్ఫెక్షన్‌తో వాచిపోవడం. ఎక్కువసేపు నీళ్లలో ఆడే పిల్లల్లో తరచూ వస్తుంది కాబట్టి స్విమ్మర్స్ ఇయర్ అని కూడా అంటారు. బడి వయసు పిల్లల్లో ఎక్కువ. మొదట్లో దురద, కాస్త మంట, అంతే. ముదిరిందంటే మాత్రం పిల్లలు ఆ వైపు తల దిండుకు ఆనించలేరు, ఏదీ నమలలేరు, చొక్కా తల మీదుగా తొడిగినా కేక పెడతారు.

నేను డాక్టర్‌ని కాదు. తొమ్మిదేళ్ల కూతురి చెవితో పది రోజులు తిప్పలు పడి, ఆ తర్వాత దొరికినంతా చదివి, కనపడిన ఈఎన్‌టీ డాక్టర్‌నల్లా ప్రశ్నలడిగిన మనిషిని. అప్పుడు మా ముందుకొచ్చిన ప్రశ్నలన్నీ "ఇదా, అదా" అనే రకమే. సిరప్ పట్టాలా, చుక్కలు వేయాలా? చెవిలో వత్తి (చుక్కల మందు పీల్చుకుని లోపలికి చేర్చే సన్నటి స్పాంజి) పెట్టించాలా, అక్కర్లేదా? ఇంట్లో చూసుకోవచ్చా, ఆస్పత్రిలో చేర్చాలా? అన్నీ అయ్యాక నాకు తేలిందేమిటంటే, ఏ మందు గట్టిది అని అడిగేకంటే ముందు, ఆ మందు వాచిన చర్మం దాకా వెళుతోందా లేదా అని అడగాలి. మిగతా జవాబులన్నీ దాని వెంటే వస్తాయి.

ముందు, ఏ చెవి జబ్బు?

ఇది తేల్చుకోకపోతే తర్వాతి పోలికలన్నీ వృథా. చెవిదొప్పను పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. చెవి రంధ్రానికి ముందు బుగ్గ వైపు చిన్న బుడిపెలా ఉంటుంది కదా, దాన్ని నొక్కి చూడండి. బయటి చెవి ఇన్ఫెక్షన్ అయితే ఇంత చిన్న కదలికకే పిల్లలు విలవిల్లాడతారు. కర్ణభేరి వెనక జబ్బయితే నొప్పి లోపలెక్కడో ఉంటుంది. దొప్పను లాగితే పెద్దగా పెరగదు, పైగా జలుబు, జ్వరం తోడుంటాయి. ఇంకో తేడా కూడా ఉంది. లోపలి చీము కర్ణభేరిని చీల్చుకుని బయటికొస్తే నొప్పి చాలావరకు తగ్గిపోతుంది. బయటి చెవిలో చీము కారుతున్నా నొప్పి అలాగే ఉంటుంది, పెరుగుతుంది కూడా.

అయితే రెండూ కలిసి ఉండొచ్చు. లోపలి నుంచి కారే చీముకు నాని బయటి దారి చర్మం చెడిపోవచ్చు. చిన్నపిల్లలైతే పూసో గింజో చెవిలో దూర్చుకుని ఉండొచ్చు, అప్పుడు అది తీసేదాకా ఏ మందూ పనిచేయదు. ఇంటి పరీక్ష దారి చూపిస్తుంది, తీర్పు మాత్రం లైటు వేసి చెవిలోకి చూసిన మనిషే ఇవ్వాలి.

సిరప్ వర్సెస్ చుక్కలు

మా అమ్మాయికి ఆదివారం ఈత. మంగళవారం దురద. గురువారం రాత్రికి నిద్ర లేదు. మొదట చూపించిన చోట చెవిలోకి ఒక్క క్షణం లైటు వేసి, "బాగా ఇన్ఫెక్షన్ ఉంది, నోటి మందే పనిచేస్తుంది" అని అమాక్సిసిలిన్ సిరప్ రాశారు. మాకూ అది సబబుగానే తోచింది. అంత నొప్పికి నాలుగు చుక్కలేం సరిపోతాయి, ఒళ్లంతా తిరిగే మందు కావాలి కదా అనుకున్నాం. రెండు రోజులు గడిచాయి. నొప్పి పెరిగింది, దాంతో పాటు విరేచనాలు మొదలయ్యాయి.

సిరప్ ఎందుకు పనిచేయలేదో తర్వాత తెలిసింది. ఈ జబ్బుకు కారణమయ్యే బాక్టీరియాలో ముందు వరసలో ఉండేవి రెండు: సూడోమోనాస్ ఎరూజినోసా, స్టెఫైలోకాకస్ ఆరియస్. అమాక్సిసిలిన్‌కు సూడోమోనాస్ లొంగదు. పిల్లలకు మామూలుగా రాసే సెఫలెక్సిన్ లాంటివీ దాని మీద పనిచేయవు. స్టెఫ్ జాతి కూడా చాలాచోట్ల అమాక్సిసిలిన్‌ను విరగ్గొట్టడం నేర్చుకుంది.

ఇక మోతాదు లెక్క చూడండి. 0.3 శాతం సిప్రోఫ్లాక్సాసిన్ లేదా ఓఫ్లాక్సాసిన్ చుక్కలంటే ఒక మిల్లీలీటరులో 3 మిల్లీగ్రాములు, అంటే 3,000 మైక్రోగ్రాముల మందు. అదే మందు నోటి ద్వారా ఇస్తే రక్తంలో మిల్లీలీటరుకు కొన్ని మైక్రోగ్రాములకు మించదు. చెవి దారి చర్మం దాకా చేరేది కూడా ఆ కొన్నింటి లెక్కలోనే ఉంటుంది. చుక్కల రూపంలో బాక్టీరియా నెత్తిన పడేది అంతకు వందల రెట్లు. "నాలుగు చుక్కలే కదా" అనిపించేది నిజానికి సిరప్ సీసా కంటే పెద్ద దెబ్బ.

అమెరికాలోని ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2006లో ఇచ్చి 2014లో సవరించిన మార్గదర్శకాలు కూడా ఈ మాటే చెబుతాయి. రెండేళ్లు దాటిన వాళ్లలో, ఇన్ఫెక్షన్ చెవి దారి దాటనంతవరకు మొదటి మందు చుక్కలే, నోటి యాంటీబయాటిక్ అక్కర్లేదు అని.

మరి సిరప్‌కు, మాత్రకు చోటే లేదా? ఉంది. ఎరుపు, వాపు చెవిదొప్ప మీదికో, బుగ్గ మీదికో, మెడ వైపుకో పాకినప్పుడు. జ్వరం ఎక్కువగా ఉండి పిల్ల నీరసించిపోయినప్పుడు. మధుమేహం ఉన్న పిల్లలకు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లకు. ఎంత ప్రయత్నించినా చుక్కలు లోపలికి పోనప్పుడు. అలాంటప్పుడు సూడోమోనాస్ మీద పనిచేసే మందే ఎంచాలి. పిల్లల్లో ఆ మందుల ఎంపిక తక్కువ కాబట్టి అది డాక్టర్ ఆలోచించి రాయాల్సిన విషయం. ఒక్కటి గుర్తుంచుకోండి, సిరప్ ఇచ్చినా చుక్కలు ఆపరు. చుక్కలకు అది తోడు మాత్రమే.

ఏ చుక్కలు?

జబ్బు తేలిగ్గా ఉంటే ఈ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. ఎసిటిక్ యాసిడ్ చుక్కలు, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, మొదటి వారంలో యాంటీబయాటిక్ చుక్కలకు దాదాపు సాటిగా నిలిచాయని ఈ విషయంపై జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2010 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. వారం దాటితే మాత్రం వెనకబడ్డాయి. ముదిరిన జబ్బు వారం దాటే అవకాశమే ఎక్కువ కాబట్టి, వాటిని తేలికపాటి జబ్బుకు వదిలేయడం మంచిది. పైగా పుండైన చర్మం మీద ఆమ్లం పడితే ఎంత మండుతుందో చెప్పక్కర్లేదు.

అసలు పోటీ రెండు రకాల మధ్య. ఒకటి నియోమైసిన్, జెంటామైసిన్ లాంటి పాత మందులున్నవి. రెండోది సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ రకం. చంపే శక్తిలో పెద్ద తేడా లేదు. పాతవి చవక కూడా. అయినా నా ఓటు రెండో రకానికే, కారణం కర్ణభేరి. బాగా వాచిన చెవిలో మొదటి రోజు కర్ణభేరి కనిపించదు. దానికి చిల్లుందో లేదో ఎవరూ చెప్పలేరు. చిల్లుంటే పాత రకం మందు లోపలికి దిగి వినికిడిని దెబ్బతీసే ప్రమాదం ఉంది. రెండో రకానికి ఆ భయం లేదు. లోపలి నీరు పోవడానికి కర్ణభేరిలో చిన్న గొట్టం వేయించుకున్న పిల్లలకూ అంతే. ఇంకో చిక్కు, నియోమైసిన్ కొందరి చర్మానికి పడదు. మందు జారిన దారంతా ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. జబ్బు ముదిరిందేమో అనుకుని ఇంకా ఎక్కువ వేస్తాం, ఇంకా ఎర్రబడుతుంది.

స్టెరాయిడ్ కలిసిన చుక్కలంటే భయపడే వాళ్లుంటారు. ఇక్కడ ఆ భయం అనవసరం. ఇది కొద్ది రోజుల పాటు, పైపూతగా పడే మందు. వాపును త్వరగా దించుతుంది, వాపు దిగితేనే యాంటీబయాటిక్‌కు దారి దొరుకుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు మామూలుగా పూటకు 4 చొప్పున రోజుకు రెండు సార్లు, 7 రోజులు. ఆరు నెలలు దాటిన పిల్లలకు వాడొచ్చు. రోజుకు నాలుగు సార్లు వేయాల్సిన మందుకూ, రెండు సార్లతో సరిపోయే మందుకూ తేడా, ఏడుస్తున్న పిల్లను పడుకోబెట్టి పట్టుకునే వాళ్లకే తెలుస్తుంది.

తిమ్మిరెక్కించే చుక్కలు విడిగా దొరుకుతాయి. నొప్పిని కప్పేస్తాయి తప్ప జబ్బును తగ్గించవు. జబ్బు పెరుగుతున్న సంగతి తెలియకుండా చేస్తాయి కూడా, నేనైతే దూరం పెడతాను. వేడి నూనె మాట అసలే వద్దు. నూనె నిండిన చెవిలో డాక్టర్‌కు ఏమీ కనిపించదు.

నొప్పి కంటే దురద ఎక్కువగా ఉండి, చెవిలో తెల్లటి దూదిలాగో, నల్లటి చుక్కల్లాగో కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. యాంటీబయాటిక్ చుక్కలు చాలా రోజులు వాడాక ఇలా అవుతుంది. అప్పుడు అవే చుక్కలు ఇంకో వారం పొడిగించడం అంటే ఫంగస్‌కు మేత వేయడమే. క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్ మందుకు మారాలి.

వత్తి పెట్టించాలా?

రెండో చోట ఈఎన్‌టీ డాక్టరమ్మ ముందు మా అమ్మాయితోనే మాట్లాడింది. "ఏం తల్లీ, నమిలితే నొప్పా, ఆవలిస్తే నొప్పా?" "రెండూ" అంది పిల్ల, పెదవులు కదపకుండా. దవడ కీలు చెవి దారికి ఆనుకునే ఉంటుంది, దవడ కదిలితే వాచిన చర్మం కదులుతుంది. ఆ చర్మం కింద, లోపలి భాగంలో, కొవ్వు పొర ఉండదు. నేరుగా ఎముకను అంటుకుని ఉంటుంది. వాపుకు చోటు లేక ఒత్తిడంతా నొప్పిగా మారుతుంది.

మైక్రోస్కోప్ కింద చూస్తే దారి లేదు. ఉండాల్సిన రంధ్రం ఉబ్బిన చర్మం మధ్య గీతలా మిగిలింది. పెన్ను రీఫిల్ కంటే సన్నటి సక్షన్ గొట్టంతో కనపడినంత చీమునూ, పొలుసులనూ లాగేశారు. బుస్సుమనే శబ్దానికి పిల్ల నా వేళ్లు విరిచేసేంత గట్టిగా పట్టుకుంది. తర్వాత ఒక పొడి వత్తి తీశారు. అగ్గిపుల్లంత సన్నం, గట్టిగా అదిమిన స్పాంజి లాంటి పదార్థం. దాన్ని ఆ గీతలోంచి మెల్లగా లోపలికి జరిపి, చివర మీద చుక్కలు వేశారు. మందు పీల్చుకుని అది మా కళ్ల ముందే ఉబ్బింది. అప్పటిదాకా చుక్కలు వేసినా చెవి గుమ్మంలోనే ఆగి బుగ్గ మీదికి జారిపోయేవన్నమాట. ఇప్పుడు వత్తి వాటిని పీల్చుకుని చివరిదాకా చర్మానికి ఆనించి ఉంచుతుంది.

వత్తి అందరికీ అక్కర్లేదు. దారి తెరిచే ఉంటే, కర్ణభేరి కనిపిస్తూ ఉంటే, చుక్కలే సరిపోతాయి. అనవసరంగా పెట్టిన వత్తి ఒట్టి బాధ. దారి మూసుకుపోతే మాత్రం వత్తి లేని చుక్కలు, తాళం వేసిన ఇంటికి పంపిన ఉత్తరం లాంటివి. పెట్టేటప్పుడు నొప్పి ఉంటుంది, దాచడం ఎందుకు. అందుకే వెళ్లే ముందు అరగంటో గంటో ముందుగా నొప్పి మందు ఇచ్చి తీసుకెళ్లండి. అసలే వీలుకాని చిన్నపిల్లలకు మత్తు ఇచ్చి చేసే సందర్భాలూ ఉంటాయి.

ఇంట్లో దూదితో వత్తి చేసి పెట్టొచ్చా అని మా ఇంట్లో కూడా అడిగారు. వద్దు. దూది లోపల విడిపోయి పోగులు మిగిలిపోతాయి, అవి తీయడం మళ్లీ ఇంకో గండం.

శుభ్రం చేయడంలోనూ రెండు పద్ధతులున్నాయి. సక్షన్‌తో గానీ, చూస్తూ పొడి దూదితో అద్ది గానీ తీయడం ఒకటి. సిరంజితో నీళ్లు కొట్టి కడగడం రెండోది. వాచిన చెవికి, కర్ణభేరి కనపడని చెవికి మొదటిదే మేలు. మధుమేహమో, రోగనిరోధక లోపమో ఉన్న పిల్లలకైతే నీళ్లతో కడగడం పూర్తిగా మానాలి, ఇన్ఫెక్షన్ ఎముకలోకి పాకే ప్రమాదం ఉంటుంది. ఇయర్ బడ్స్‌ను నేను మూడో పద్ధతిగా లెక్కపెట్టను. చాలా చెవుల్లో ఈ జబ్బు మొదలయ్యేదే వాటి గీతల వల్ల, గులిమిని తుడిచేయడం వల్ల. గులిమి మురికేమీ కాదు, దాని జిడ్డు నీటిని ఆపుతుంది, దాని పులుపు బాక్టీరియాను ఆపుతుంది.

చుక్కలు వేసే తీరు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం వైద్యం ఇక్కడే పాడవుతుంది. సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పెట్టి గోరువెచ్చగా చేయాలి, చల్లటి చుక్కలు పడితే కళ్లు తిరుగుతాయి. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మూడేళ్ల లోపు పిల్లలకు చెవిదొప్పను కిందికి, వెనక్కి; పెద్దపిల్లలకు పైకి, వెనక్కి మెల్లగా లాగితే దారి తిన్నగా అవుతుంది. చుక్కలు చెవి గోడ వెంట జారేలా వేయాలి. చెవి ముందున్న బుడిపెను నాలుగైదు సార్లు పంపు కొట్టినట్టు మెల్లగా నొక్కితే లోపలున్న గాలి బయటికొచ్చి మందు దిగుతుంది. తర్వాత 3 నుంచి 5 నిమిషాలు అలాగే పడుకోవాలి. మా పిల్లకు ఆ ఐదు నిమిషాలే పెద్ద శిక్ష, ఒక కథ సరిగ్గా సరిపోయేది.

నొప్పికి పారాసెటమాలా, ఐబుప్రోఫెనా? ఏదైనా ఫర్వాలేదు, అసలు ఇవ్వడం ముఖ్యం. పారాసెటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, అంటే 20 కిలోల పిల్లకు 300, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. ఐబుప్రోఫెన్ కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆరు నుంచి ఎనిమిది గంటల ఎడంతో. వాపున్న నొప్పికి నాకు ఐబుప్రోఫెన్ వైపే మొగ్గు, వాంతులతో ఒంట్లో నీరు తగ్గిన పిల్లలకు, కిడ్నీ సమస్యలున్న వాళ్లకు మాత్రం కాదు. ఆరు నెలల లోపు పసివాళ్లకు డాక్టర్ చెప్పకుండా వద్దు. ఆస్పిరిన్ పిల్లలకు ఎప్పుడూ ఇవ్వకూడదు. మొదటి రెండు రోజులు నొప్పి వచ్చాక ఇవ్వడం కంటే గడియారం చూసి ఇవ్వడమే నయం.

ఇల్లా, ఆస్పత్రా?

ఎక్కువ శాతం ఇంట్లోనే తగ్గుతాయి, అది ధైర్యంగా చెప్పొచ్చు. మందు సరిగ్గా చేరుతోంటే 48 నుంచి 72 గంటల్లో తేడా తెలియాలి. నొప్పి పూర్తిగా పోవాలని కాదు, పిల్ల కాస్త నమలగలగాలి, రాత్రి కొంచెం నిద్రపోగలగాలి. తెలియకపోతే "ఇంకో రెండు రోజులు చూద్దాం" అనకుండా మళ్లీ చూపించాలి. మందు మార్చాల్సి రావచ్చు, వత్తి మార్చాల్సి రావచ్చు, అసలు జబ్బే వేరు కావచ్చు.

చేర్చాల్సిన లెక్క వేరు. చెవి వెనక వాచి, ఎర్రబడి, చెవి ముందుకు పొడుచుకొచ్చినట్టుంటే అది చెవి వెనక ఎముక ఇన్ఫెక్షన్ కావచ్చు. దొప్ప మొత్తం ఎర్రగా, వేడిగా ఉబ్బితే దొప్పలోని మెత్తటి ఎముకకు (మృదులాస్థికి) పాకి ఉండొచ్చు, ఆలస్యం చేస్తే చెవి ఆకారమే పోతుంది. మూతి ఒక వైపుకు లాగడం, కన్ను మూసుకోకపోవడం, పిల్ల మత్తుగా ఉండటం, మెడ బిగుసుకోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా అదే గంటలో వెళ్లాలి. పుర్రె అడుగు ఎముకలోకి పాకే రకం పిల్లల్లో చాలా అరుదు, వచ్చేది ఎక్కువగా మధుమేహం, రోగనిరోధక లోపం, పోషకాహార లోపం ఉన్నవాళ్లకు. అలాంటప్పుడు స్కాన్ తీసి, సూడోమోనాస్‌పై పనిచేసే సెఫ్టాజిడిమ్ లాంటి మందును నరం ద్వారా ఇస్తారు. అక్కడ నరం ద్వారా మందు ఎందుకు గెలుస్తుందంటే, ఎముకలోకి వెళ్లిన జబ్బును చుక్కలు అందుకోలేవు. సిరప్ ఓడిపోయిన కారణమే ఇక్కడ తిరగబడిందన్నమాట.

స్నానం విషయంలో మేం పది రోజులు తల తడపలేదు. ఒళ్లు కడిగేటప్పుడు వాజిలిన్ రాసిన దూది ఉండను చెవి గుమ్మంలో పెట్టేవాళ్లం, లోపలికి దోపకుండా. రబ్బరు ఇయర్ ప్లగ్స్ ఈ దశలో వద్దు, వాచిన చర్మాన్ని ఒరుస్తాయి. తగ్గాక ఈతకు వెళ్లినప్పుడు మాత్రం బయటికి రాగానే తల రెండు వైపులా వంచి నీళ్లు కార్చేసి, హెయిర్ డ్రయ్యర్‌ను అతి తక్కువ వేడిలో చెవికి జానెడు దూరంలో అర నిమిషం పెడితే చాలు.

మూడో రోజు తెల్లారి వత్తి దానంతట అదే ఊడి దిండు మీద పడి ఉంది. కంగారుపడి ఫోన్ చేశాను. వాపు దిగిందంటే అది నిలవదు, మంచిదే, ఇక నేరుగా చుక్కలు వేయండి అన్నారు. ఎనిమిదో రోజు మళ్లీ చూపించాం, ఆ రోజు వెళ్లిందే కర్ణభేరి కోసం. స్క్రీన్ మీద చూపించారు, ముత్యం రంగులో, చిల్లు లేకుండా. మొదటి రోజు అది ఎవరికీ కనిపించలేదు.